ధ్వనికి నకలు: లక్క రికార్డు నుండి కంప్యూటరు వరకు

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు దారిలో శిరివెళ్ల ఉన్నది. ఆ దారినే ముందుకు సాగి, ఆళ్లగడ్డ వద్ద నల్లమల వైపు తిరిగినచో అహోబిలము చేరుదుము. తాళ్లపాక అన్నమాచార్యులు అహోబిల మఠమునకు మూలపురుషుడైన ఆదివన్ శఠకోపయతి వద్ద వేదాంతము అభ్యసించినాడని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయములోని ఒక చిన్న అరలో భద్రపరచినారు. ఇరువదవ శతాబ్దమున ఆ రేకులు తిరిగి వెలుగు చూచినప్పుడు అక్షరములు చదువుటకు వీలుగనే ఉన్నవి. ప్రతి పాటకు రాగము పేరు కూడ చెక్కి ఉన్నది. స్వరము మాత్రము లేదు. అందుచేత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన విద్వాంసులు ఆ పాటలకు కొత్తగా స్వరరచన చేయవలసి వచ్చినది. అన్నమయ్య ఆ పాటలను ఎట్లు పాడినాడో తెలిసికొను మార్గము నేడు లేదు. ధ్వనిని పట్టి ఉంచు సాధనము అప్పటికి పుట్టలేదు గదా!

అట్టి సాధనము 1877లో పుట్టినది. అమెరికాలో థామస్ ఎడిసన్ తగరపు రేకు చుట్టిన ఒక స్తంభమును త్రిప్పుచు, మాట వలన కంపించు సూది ఆ రేకును నొక్కునట్లు చేసినాడు. సూదిని మరల అదే దారిలో నడిపినచో మాట తిరిగి వినవచ్చినది. అద్భుతమే, కాని పెద్ద లోటొకటి ఉన్నది. స్తంభమునకు నకలు తీయుట కష్టము. తరువాత వచ్చిన మైనపు స్తంభములను అమ్మువారు గాయకుని చేత ఒకే పాటను మరల మరల పాడించి, ఒక్కొక్క సారి కొన్ని స్తంభములు మాత్రమే తయారు చేసెడివారు. ఈ చిక్కును విప్పినవాడు ఎమిల్ బెర్లినర్. జర్మనీలోని హానోవరులో పుట్టి అమెరికా చేరిన ఈయన 1887లో స్తంభమునకు బదులు బల్లపరుపు పళ్లెమును వాడినాడు. ఒక పళ్లెము మీద గీత గీసి, దాని నుండి లోహపు అచ్చు తీసినచో, బందరు కలంకారీ పనివారు చెక్క అచ్చుతో గుడ్డ మీద బొమ్మ అద్దినట్లు వేలకొలది పళ్లెములను ఒత్తవచ్చును. గ్రామఫోను స్తంభమును ఓడించుటకు ముఖ్య కారణము నాదములోని మాధుర్యము కాదు, నకలు తీయుటలోని సౌలభ్యము.

మన దేశమునకు ఈ విద్య 1902లో వచ్చినది. ఆ సంవత్సరము నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గు కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగు వారి పాటలను రికార్డు చేసినాడు. మూల పళ్లెములను ఓడలో హానోవరుకు పంపి అచ్చొత్తించెడివారు. ఎవరు పాడినదో అక్కడి పనివారికి తెలియుటకై గాయని పాట చివర తన పేరు చెప్పుకొనెడిదట. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసినది. పళ్లెములకు ముఖ్య పదార్థము లక్క. అది మన అడవులలోని లక్కపురుగు ఇచ్చునదే. దానికి రాతిపొడి కలిపి ఒత్తెడివారు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ పది అంగుళముల రికార్డులో ఒక ప్రక్క సుమారు మూడు నిమిషముల పాట పట్టును. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యములు తెలుగునాట మారుమూలలకు పోయినది ఈ లక్క పళ్లెముల మీదనే. కీ ఇచ్చి త్రిప్పు పెట్టెకు కరెంటుతో పని లేదు. కనుక విద్యుత్తు చేరని ఊళ్లలో కూడ అది పాడెను.

పాడిన కొలది అరిగిపోవుట మాత్రము దానికి తప్పలేదు. ఉక్కు సూది నడిచిన ప్రతి సారి గాడి కొంత గీచుకొనిపోవును. 1948లో వచ్చిన వినైలు ఎల్.పి. రికార్డు సన్నని గాడితో, ఒక ప్రక్క ఇరువది నిమిషములకు మించి పాడినది. ఘంటసాల భగవద్గీత మన ఇండ్లకు వచ్చినది ఎల్.పి. మీదనే. టేపు వచ్చిన తరువాత ఇంటిలో నకలు తీయుట సులభమైనది. కాని నకలుకు నకలు తీసిన కొలది బుస పెరిగినది.

ఇది ఎందుచేత? ఆళ్లగడ్డ శిల్పుల పనిని చూచినచో తెలియును. ఒక విగ్రహమును చూచి రెండవది, రెండవ దానిని చూచి మూడవది చెక్కినచో, ఎంత నేర్పరి చేతిలోనైనను వెంట్రుకవాసి తేడా వచ్చును. ఇరువదవ విగ్రహము నాటికి ముఖము మారును. శిల్పి కొత్త భావమును పలికించును గనుక అక్కడ అది దోషము కాదు. టేపు నకలులో కలియునది భావము కాదు, రొద. ఇక ఒక రైతు లెక్కల పుస్తకము తీసికొనుడు. అందులో 217 బస్తాలని ఉన్నది. దానిని చూచి నూరుగురు వరుసగా ఎత్తివ్రాసినను, జాగ్రత్తగా వ్రాసినంత వరకు అది 217 గానే ఉండును. చేవ్రాత మారవచ్చును గాని సంఖ్య మారదు. ధ్వనిని ఆకారముగా కాక సంఖ్యలుగా వ్రాయగలిగినచో నకలుకు అరుగుదల ఉండదన్న మాట.

ధ్వని తరంగమును సంఖ్యలుగా మార్చు పద్ధతికి పునాది టెలిఫోను ఇంజనీర్లు వేసినారు. 1928లో హారీ నైక్విస్టు, 1933లో రష్యాలో కొటెల్నికోవ్, 1949లో క్లాడ్ షానన్ చెప్పిన సిద్ధాంత సారము ఇది: ఒక తరంగములోని అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపు కంటె ఎక్కువ సార్లు సెకనుకు దాని ఎత్తును కొలిచినచో, ఆ కొలతల నుండి తరంగమును యథాతథముగా తిరిగి నిర్మింపవచ్చును. కొలతకు కొలతకు నడుమ ఉన్నది పోవును గదా అని చాల మంది విద్యార్థులు సందేహింతురు. పోదు. ఆ పరిమితికి లోబడిన తరంగము ఆ చుక్కల గుండా పోవు మార్గము ఒక్కటే ఉండును. 1937లో అలెక్ రీవ్స్ అను ఇంజనీరు ఈ కొలతలను ఉన్నది, లేదు అను రెండు సంకేతములతోనే పంపు విధానమును కనిపెట్టినాడు. ఆనాటి వాల్వులతో అది ఆచరణకు చాల ఖరీదైన పని.

ఆచరణలో జనసామాన్యమునకు అందినది 1982లో. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన సీడీ పన్నెండు సెంటీమీటర్ల పళ్లెము. మనుష్యుని చెవి సుమారు 20,000 హెర్ట్జుల వరకు వినును. రెట్టింపు 40,000. ఐతే సీడీలో సెకనుకు 44,100 కొలతలున్నవి. ఈ వింత సంఖ్య ఎక్కడిది? ఆ దినములలో అంత సమాచారమును పట్టగలిగినది వీడియో టేపు ఒక్కటే. టెలివిజను చిత్రములో సెకనుకు 60 క్షేత్రములు, ఒక్కొక్క దానిలో వాడదగిన గీతలు 245, గీతకు మూడు కొలతలు. మూడింటిని గుణించినచో 44,100 వచ్చును. ఐరోపా పద్ధతిలో 50, 294, 3 గుణించినను అదే వచ్చును. టెలివిజను విడిచిన ఆ గుర్తు నేటికిని ప్రతి సీడీలో ఉన్నది. మరియొక కాకతాళీయము: తొలి సీడీలను 1982 ఆగస్టులో అచ్చొత్తినది లాంగెన్‌హాగెన్‌లో. అది బెర్లినర్ పుట్టిన, గౌహర్ జాన్ రికార్డులు ఒత్తబడిన హానోవరు ప్రక్కనే ఉన్నది.

సీడీలో ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, అనగా 65,536 మెట్లు. రెండు చానెళ్లకు కలిపి సెకనుకు 14,11,200 బిట్లు. గంటసేపు పాటకు సుమారు 63 కోట్ల 50 లక్షల బైట్లు. మరుసటి ఏట వెలువడిన ఐ.బి.ఎం. సొంత కంప్యూటరులోని హార్డు డిస్కు పట్టునది ఒక కోటి బైట్లు. ఒక్క సీడీని ఇంటి కంప్యూటరులో దాచుటకు అట్టి డిస్కులు అరువది నాలుగు కావలెను. అందుచేత సీడీకి తాళము వేయవలెనన్న ఆలోచనే దానిని చేసినవారికి తోచలేదు. తలుపు లేని ఇల్లు కట్టినారు. దొంగకు మోసికొనిపోవుటకు బండి లేదన్నదే వారి ధైర్యము.

బండి పదునైదేండ్లలో వచ్చినది. 1990ల చివరకు ఇంటి కంప్యూటరులోని డ్రైవు సీడీలోని సంఖ్యలను నేరుగా చదివి హార్డు డిస్కు మీద వ్రాయసాగినది. ఇది చూచుటకు సులభమే గాని లోపల రెండు చిక్కులున్నవి. మొదటిది గీతలు, దుమ్ము. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అను గణితవేత్తలు ప్రచురించిన సంకేత విధానము ప్రకారము సీడీలో అసలు సంఖ్యలతో పాటు వాటిని సరిచూచు అదనపు సంఖ్యలు కూడ ఉండును. సంఖ్యలను పళ్లెము మీద దూరదూరముగా చెదరగొట్టి వ్రాయుదురు. అందుచేత సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పొడవు మేర చెడినను, పోయిన సంఖ్యలను లెక్క కట్టి తిరిగి రాబట్టవచ్చును. అంతకు మించి చెడినచో యంత్రము ఇరుగుపొరుగు కొలతలను చూచి ఊహించి పూరించును. చెవికి తెలియదు, కాని నకలు నకలు కాదు. రెండవ చిక్కు, పాటల సీడీలో సెకనులో 75వ వంతుకు ఒక్కొక్క ఖండము ఉన్నను, ఖండము సరిగా ఎక్కడ మొదలైనదో చెప్పు గుర్తు లేదు. కంప్యూటరు సమాచారము కొరకు చేసిన సీడీలో ఖండమునకు 2,352 బైట్లలో 304 బైట్లను ఇట్టి గుర్తులకు, అదనపు సవరణకు కేటాయించినారు. పాటల సీడీలో ఆ స్థలమంతయు పాటకే పోయినది. కనుక నకలు తీయు ప్రోగ్రాములు ఒకే చోటును రెండు మూడు సార్లు చదివి, అంకెలు కలిసినవా లేదా అని చూచు పద్ధతిని అవలంబించినవి. రెండు సార్లు చదివి లెక్క కలిసిన పిదపనే సంతకము చేయు గుమాస్తా పద్ధతి ఇదే.

ఈ సందర్భమున ఎం.పీ.3 మాట చెప్పవలెను. మద్రాసు విశ్వవిద్యాలయములో ఇంజనీరింగు చదివి అమెరికాలో ఆర్లింగ్‌టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన కామిశెట్టి రామమోహనరావు, నాసిర్ అహ్మద్, టి. నటరాజన్‌లతో కలిసి 1974లో ఒక గణిత పరివర్తనను ప్రకటించినారు. కొసైను పరివర్తన అను పేరుతో అది ప్రసిద్ధి కెక్కినది. చిత్రమును గాని ధ్వనిని గాని పౌనఃపున్యముల మొత్తముగా విడదీసి, ముఖ్యము కానిది వదలివేయుటకు అది బహు చక్కగా ఉపకరించును. దాని సవరించిన రూపమే ఎం.పీ.3కి ఆధారము. సీడీలోని పదునొకండు పాళ్లను ఒక పాలుగా కుదించినను పాట పాటగా వినబడుటకు ఈ గణితమే కారణము. కాని వదలివేసినది తిరిగి రాదు. వినుటకు అది చాలును, దాచుటకు చాలదు. 2001లో వచ్చిన ఫ్లాక్ అను పద్ధతి వేరు. అది పరిమాణమును సుమారు సగమునకు తగ్గించును, విప్పినప్పుడు ఒక్క బిట్టు తేడా లేక మూలమును ఇచ్చును. ధ్వనిని భద్రపరచువారు దీనిని, లేక కుదింపు లేని రూపమును మాత్రమే వాడుదురు.

సీడీ తాళము లేనిదని తెలిసికొన్న కంపెనీలు తరువాతి పళ్లెములను తాళముతోనే చేసినవి. 1999లో సోనీ, ఫిలిప్స్ సూపర్ ఆడియో సీడీని తెచ్చినవి. 2000లో డీవీడీ ఆడియో వచ్చినది. రెండును అధిక విశ్లేషణ గల ధ్వని పళ్లెములు. డీవీడీ ఆడియో సీడీ మార్గమునే పొడిగించినది: 24 బిట్లు, అనగా ఒక కోటి 67 లక్షలకు మించిన మెట్లు, సెకనుకు 96,000 కొలతలతో ఆరు చానెళ్లు, లేక 1,92,000 కొలతలతో రెండు. సూపర్ ఆడియో సీడీ వేరొక త్రోవ పట్టినది. కొలతకు ఒకే ఒక బిట్టు, కాని సెకనుకు 28,22,400 కొలతలు, అనగా సీడీకి అరువది నాలుగు రెట్లు. ఇక్కడ తరంగము ఎత్తును నేరుగా వ్రాయరు. ఒకట్లు దట్టముగా ఉన్న చోట తరంగము పైకి, పలుచగా ఉన్న చోట క్రిందికి పోయినట్లు. దినపత్రికలోని నల్లని చుక్కలు దట్టమైన చోట ఛాయ ముదురుగా కనబడుట లేదా? అట్లే. చాల డిస్కులలో రెండు పొరలుండును. ఉపరితలమునకు 0.6 మిల్లీమీటరు లోతున సూక్ష్మ పొర, 1.2 మిల్లీమీటర్ల లోతున మామూలు సీడీ పొర. పాత యంత్రపు లేజరు పై పొరను దాటి క్రింది దానిని చదువును.

తాళములు గట్టివి. డీవీడీ చలనచిత్రముల తాళము 1999లో విడిపోగా, భయపడి డీవీడీ ఆడియో విడుదలను వాయిదా వేసి దానికి కొత్త తాళము చేయించినారు. సూపర్ ఆడియో సీడీలో సంఖ్యలన్నియు గుప్తలిపిలో ఉండును. దానిని విప్పుటకు కావలసిన సమాచారములో కొంత పళ్లెము మీది గుంటల వెడల్పును సూక్ష్మముగా మార్చి దాచినారు. ఆ పొరను చదువగల డ్రైవును కంప్యూటరుల కొరకు విడుదల చేయలేదు. తొలి యంత్రముల నుండి సంఖ్యలు బయటికి వచ్చు దారి కూడ లేదు, ధ్వని తరంగము మాత్రమే తీగ మీద వచ్చును. ఎవరైనను నకలు తీయదలచినచో ఆ తరంగమునే మరల కొలువవలెను. అనగా లెక్కల పుస్తకమును మూసి, మరల రాతి విగ్రహమును చూచి చెక్కుమన్నట్లు.

ఇంత కాపలా పెట్టిన ధనము నిజముగా విలువైనదేనా? 2007లో ఆడియో ఇంజనీర్ల సంఘపు పత్రికలో మేయర్, మొరాన్ ప్రచురించిన పరీక్షలో, అధిక విశ్లేషణ ధ్వనిని మధ్యలో సీడీ ప్రమాణమునకు దించి వినిపించినను శ్రోతలు తేడాను గుర్తింపలేకపోయినారు. 2016లో జాషువా రీస్ అనేక పరీక్షల ఫలితములను కలిపి చూచి, తేడాను గుర్తించు శక్తి స్వల్పముగా ఉన్నదనియు, శిక్షణ పొందినవారిలో అది హెచ్చనియు తేల్చినాడు. కనుక ఆకాశమునకు భూమికి ఉన్నంత భేదమని అమ్మకందారు చెప్పునది నమ్మదగినది కాదు. ఐనను ఈ పళ్లెములకు వేరొక విలువ ఉన్నది. వాటి కొరకు ఎందరో ఇంజనీర్లు పాత మూల టేపులను తీసి జాగ్రత్తగా మరల కూర్చినారు. ఐదారు చానెళ్లలో విస్తరించిన కూర్పులు కొన్ని ఆ పళ్లెముల మీద తప్ప మరెక్కడను దొరకవు. ఆ యంత్రములు అరుదైనచో కూర్పు పళ్లెములో ఉండియు వినబడదు. అన్నమయ్య రేకులలో స్వరము అసలే లేదు. ఇక్కడ ఉన్న స్వరము మీద మూత ఉన్నది.

మూతలు ఒకటి వెంట ఒకటి వదులైనవి. 2005లో డీవీడీ ఆడియో తాళమును తప్పించు మార్గము బయటపడినది. సూపర్ ఆడియో సీడీకి అనుకోని చోటు నుండి త్రోవ దొరికినది. 2006లో సోనీయే విడుదల చేసిన ప్లేస్టేషన్ 3 అను ఆటల యంత్రము తొలి నమూనాలు ఆ పళ్లెములను చదివెడివి. తరువాతి నమూనాలలో ఆ సౌకర్యమును తీసివేసినారు. 2011లో ఆ పాత యంత్రము మీద నడచి, గుప్తలిపిని విప్పి, సంఖ్యలను యథాతథముగా బయటికి తీయు ప్రోగ్రాము వెలువడినది. కొన్ని ఏండ్లకు కొన్ని బ్లూరే యంత్రములను ఇంటి నెట్‌వర్కు ద్వారా కంప్యూటరుకు కలిపి అదే పని చేయు విధానము వచ్చినది. రెండు చానెళ్ల గంటసేపు సంగీతమునకు సుమారు 254 కోట్ల బైట్లు కావలెను. 1983 నాటి డిస్కులైనచో 254. నేడు వ్రేలి గోరంత కార్డు మీద అట్టివి ఎన్నో పట్టును.

తీసిన ఒక బిట్టు సంఖ్యలను మామూలు 24 బిట్ల రూపమునకు మార్చువారు 88,200 గాని 1,76,400 గాని ఎన్నుకొందురు. 28,22,400ను ఈ సంఖ్యలు నిశ్శేషముగా భాగించుటయే కారణము. ఒక బిట్టు పద్ధతిలో కొలత మొరటుది గనుక పుట్టు రొదను చెవికి అందని పై పౌనఃపున్యములకు నెట్టివేయుదురు. మార్చునప్పుడు ఆ రొదను వడపోయవలెను, లేనిచో ఆంప్లిఫయరుకు వృథా శ్రమ. మూల ఫైలును మాత్రము మార్చక అట్లే దాచుట మేలు, రేపు ఇంతకంటె మంచి వడపోత రావచ్చును.

ఇక చట్టము. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో సవరణ జరిగినది. 52వ విభాగము సొంత వినియోగము, పరిశోధన కొరకు న్యాయమైన వాడుకను అనుమతించుచున్నది. అదే సవరణతో చేరిన 65ఏ విభాగము, హక్కును భంగపరచు ఉద్దేశముతో సాంకేతిక రక్షణను ఛేదించుట నేరమని, రెండేండ్ల వరకు ఖైదు, జరిమానా ఉండునని చెప్పుచున్నది. చట్టము నిషేధింపని ప్రయోజనమునకు మినహాయింపు కలదు. ఇక్కడ ఉద్దేశమను మాట కీలకము. అమెరికాలో 1998 నాటి చట్టము ఉద్దేశముతో నిమిత్తము లేక తాళము విప్పుటనే సామాన్యముగా నిషేధించినది. బ్రిటనులో 2014లో సొంతమునకు నకలు తీసికొను హక్కునిచ్చి, 2015లో న్యాయస్థానము తీర్పుతో కోల్పోయినారు. కొన్న పళ్లెమును తన ఇంటిలో వినుటకు నకలు తీసికొనువానికి, నకలు తీసి అమ్మువానికి నడుమ మన చట్టము గీసిన గీత ఈ రెంటి కంటె స్పష్టమైనదనియే చెప్పవలెను. నకలును ఇరుగుపొరుగులకు పంచుట మాత్రము సొంత వినియోగము క్రిందికి రాదు.

మన దేశములో ధ్వని ముద్రణపై హక్కు అరువది ఏండ్లు. 1960లో వెలువడిన రికార్డుకు 2020 చివరితో అది తీరినది. ఐనను పాట రచనకు, స్వరకల్పనకు ఉన్న హక్కు వేరు. రచయిత మరణము తరువాత అరువది ఏండ్ల వరకు అది సాగును. తెలుగు పద్యముల, హరికథల, నాటకముల లక్క రికార్డులు చాల వరకు ముద్రణ హక్కు గడువు దాటినవే. వాటికి తాళము లేదు, గాని క్రింద పడినచో పగులును. వి.ఎ.కె. రంగారావు నలువది వేలకు మించిన 78 రికార్డులను సేకరించి, వాటి చరిత్రను తెలుగువారికి చెప్పినారు. అటువంటి నిధులను కంప్యూటరుకు ఎక్కించునప్పుడు, శ్రోతకు అంతగా అక్కరలేదనిన అధిక విశ్లేషణ నిజముగా అక్కరకు వచ్చును. ధ్వని సంగ్రహాలయముల అంతర్జాతీయ సంఘము 24 బిట్లు, కనీసము 48,000 కొలతలు ఉండవలెనని, 96,000 మేలని సూచించినది. గాడిలోని గీత వలన పుట్టు చిటపట శబ్దము క్షణమాత్రములో లేచి పడును. కొలతలు దట్టముగా ఉన్నచో దాని ఆకారము గాయకుని గొంతు నుండి వేరుగా కనబడును, గొంతును ముట్టక దానిని తీసివేయవచ్చును. అందుకే మొదట చిటపటలతో కూడ ఉన్నది ఉన్నట్లు ఒక ఫైలు, తరువాత శుభ్రము చేసినది మరొకటి దాచుదురు. రికార్డు ఎన్ని చుట్ల వేగమున తిరిగినదో, ఏ సూది వాడినదో ఫైలు వెంట వ్రాసిపెట్టుదురు. పాత రికార్డులన్నియు ఖచ్చితముగా 78 వేగమున ముద్రింపబడినవి కావు. 80 వేగమున ముద్రించిన దానిని 78తో త్రిప్పినచో శ్రుతి కొంత తగ్గును. గాయకుడు పాడిన శ్రుతి ఏదో ఆ ఫైలు చూచి నిర్ణయించువానికి ఈ చిన్న చీటీయే ఆధారము.